విశాఖ ఎఫ్.ఎం. పేరు పోవడం మనకు నష్టమా, కాదా?

గాజువాక శ్రీను: ఇప్పుడు 93.5 రెడ్ ఎఫ్.ఎం. అని వస్తున్నది ఒకప్పుడు విశాఖ ఎఫ్.ఎం. అని చెబితే మా అబ్బాయి నమ్మలేదు. సన్ గ్రూపు వాళ్లది. తర్వాత ఎస్ ఎఫ్.ఎం. అన్నారు, ఆ తర్వాత రెడ్. అదే గ్రూపు తమిళనాడులో మాత్రం తన సూర్యన్ ఎఫ్.ఎం. పేరును ముట్టుకోలేదు. ఊరి పేరు పెట్టుకున్న స్టేషన్‌కి ఆ పేరు తీసేయడం తప్పని నా గట్టి నమ్మకం. మీరేమంటారు?

సేల్స్ ప్రసాద్: తప్పు కాదు, అవసరం. నేను రేడియో యాడ్‌లు అమ్మి బతికినవాణ్ణి. 2005లో ప్రైవేటు ఎఫ్.ఎం. లైసెన్సులకు ప్రభుత్వం రెండో విడత విధానం తెచ్చాక ఒక్కో కంపెనీ పదుల ఊళ్లలో లైసెన్సులు తీసుకుంది. 98.3 అంటే మిర్చి, 91.1 అంటే రేడియో సిటీ, 92.7 అంటే బిగ్. అంకె, పేరు ఊరూరా ఒకటే అయితే ముంబై ఏజెన్సీ ఒక్క ఆర్డరుతో అన్ని ఊళ్లకూ స్పాట్లు, అంటే యాడ్ వేసే సమయం, కొంటుంది. ఊరికో పేరుంటే ఒక్కో ఊరి గురించీ విడిగా చెప్పి ఒప్పించాలి. అంత ఓపిక అక్కడ ఎవరికీ లేదు.

రేడియో పిచ్చి: తెలుగునాట ప్రైవేటు ఎఫ్.ఎం. మొదలైంది హైదరాబాద్‌లో కదా?

గాజువాక శ్రీను: కాదు. మొదటి విడతలో దేశం మొత్తం మీద 12 ఊళ్లలోనే స్టేషన్లు నిలబడ్డాయి. అందులో విశాఖ ఉంది, హైదరాబాద్ లేదు. హైదరాబాద్‌కి 2006లో వచ్చాయి.

రేడియో పిచ్చి: అంతకుముందే హైదరాబాద్‌లో ఎఫ్.ఎం. విన్నాను నేను.

గాజువాక శ్రీను: అది ఆకాశవాణిది. ప్రైవేటు అని రాశాను, ఒకసారి చూడండి.

రేడియో పిచ్చి: ఎఫ్.ఎం. అంటే ఎఫ్.ఎం.ఏ కదండీ.

కొత్తవలస బుజ్జి: ఏటి బాబూ, పేరు గురించి అడిగితే మొదలెక్కడో తేల్చుకుంటన్నారు.

సేల్స్ ప్రసాద్: శ్రీను గారూ, డబ్బు సంగతి కూడా చూడండి. మొదటి విడతలో లైసెన్సు ఫీజు ఏటా 15 శాతం పెరిగేది, ఆదాయం ఉన్నా లేకపోయినా. వేలంలో పాడి కూడా చాలామంది వెనక్కి పోయింది అందుకే. 2005లో దాన్ని రాబడిలో 4 శాతం చేశాకే ఊపిరాడింది. పేరు మీద ప్రేమతో స్టేషన్లు నడవవు. సూర్యన్ అంటారా, తమిళనాట మూడు ఊళ్లలో ఆ పేరు అప్పటికే పాతుకుపోయింది. విశాఖ ఎఫ్.ఎం. ఒక్క ఊరిది.

గాజువాక శ్రీను: ఒక్క ఊరిదనే కదా మా గొడవ! షిఫ్టు దిగి బస్సెక్కితే డ్రైవరు దగ్గర అదే మోగేది. పేరు వినగానే మాది అనిపించేది. రెడ్ వాళ్ల నినాదం "బజాతే రహో" అంటే మా అమ్మకేం అర్థమవుతుంది?

సేల్స్ ప్రసాద్: మిర్చి అంటే అర్థమైందిగా? అదీ హిందీ మాటే.

గాజువాక శ్రీను: మిర్చి బజ్జీ తినని తెలుగువాడు ఎవడు? దానికీ దీనికీ పోలికేంటి?

లక్ష్మి ఎంవీపీ: ఇద్దరూ పేరు పట్టుకుని వేలాడుతున్నారు. నేను ఇదే ఊళ్లో ఒక స్టేషన్‌లో ఆర్జేగా చేశాను, ఏదో చెప్పను. సాయంత్రం షో నాది. "ఏటండీ, జగదాంబ దగ్గర ఇరుక్కుపోయారా" అని మన యాసలోనే మాట్లాడేదాన్ని. సింహాచలం చందనోత్సవం ముందు రోజు ఫోన్ లైను ఖాళీ ఉండేది కాదు. తర్వాత ఆ షో తీసేసి వేరే ఊరి నుంచి నెట్‌వర్క్ ప్రోగ్రాం వేశారు. మొదటి వారంలోనే విశాఖ శ్రోతలకు హైదరాబాద్ కొండాపూర్ ట్రాఫిక్ చెప్పారు. పేరు అదే. అంకె అదే. మరి ఏం మిగిలింది?

సేల్స్ ప్రసాద్: అమ్మా, ఉద్యోగం పోయిన బాధ వేరు, బ్రాండ్ సంగతి వేరు.

లక్ష్మి ఎంవీపీ: అవును, ఉద్యోగం పోయింది. చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. కానీ నాతో పాటు పోయిందేమిటో కూడా వినండి. మూడో విడత నియమాల్లో మా చేతులకు కట్లు కాస్త వదిలారు. సొంత వార్తలు వద్దు, ఆకాశవాణి బులెటిన్‌ను ఉన్నదున్నట్టు వేసుకోవచ్చు అన్నారు. ట్రాఫిక్, వాతావరణం, పరీక్షల సమాచారం, ప్రకృతి విపత్తుల్లో అధికారులు ఇచ్చే ప్రకటనలు వార్తల కిందికి రావని రాశారు. అంటే ఊరికి పనికొచ్చే మాట చెప్పే వీలు దొరికింది. అదే నియమాల్లో సొంత నెట్‌వర్క్‌లో ఒకే కార్యక్రమం అన్ని ఊళ్లకూ వేసుకోవచ్చు అని కూడా ఉంది. కంపెనీలకు ఈ రెండోదే నచ్చింది. హుద్‌హుద్ లాంటి తుపాను మళ్లీ వస్తే, కరెంటు లేని రాత్రి ఫోన్‌లో ఎఫ్.ఎం. పెట్టుకున్నవాడికి మైకు ముందు ఈ ఊరి మనిషి ఒక్కరైనా ఉండాలా, వద్దా?

కొత్తవలస బుజ్జి: ఉండాల.

గాజువాక శ్రీను: లక్ష్మి గారూ, నాది పేరు గొడవే అనుకున్నాను. పేరు ఉంచి మనిషిని తీసేసినా నాకు అంతే కోపం వచ్చేదని ఇప్పుడు అనిపిస్తోంది. అయినా పేరు విషయంలో నా మాట మార్చుకోను.

సేల్స్ ప్రసాద్: నేనూ మార్చుకోను, ఒకే పేరు ఉంటేనే జాతీయ యాడ్‌లు వస్తాయి. కానీ ఒకటి ఒప్పుకోవాలి. నేను చూసిన స్టేషన్‌లో కూడా సాయంత్రం షో నెట్‌వర్క్‌కి వెళ్లింది. మరుసటి నెల డాబాగార్డెన్స్ బట్టల కొట్టు ఆయన దగ్గరికి రెన్యువల్‌కి వెళ్లాను. "ఆ అమ్మాయి నా కొట్టు పేరు చెబితే జనం వచ్చేవారు, ఇప్పుడెవరు చెబుతారు?" అన్నాడు. చెక్కు ఇవ్వలేదు. అలాంటి కొట్ల యాడ్‌లు ఆ ఏడాది ఇంకా పోయాయి.

లక్ష్మి ఎంవీపీ: ఆ మాట అప్పుడు మీటింగులో చెప్పారా ప్రసాద్ గారూ?

సేల్స్ ప్రసాద్: లేదమ్మా.