నీటి ఇంకు ఆరబెట్టడానికే కరెంటంతా పోతోంది, దారి చెప్పండి

విజయవాడ ఆటోనగర్‌లో మాది చిన్న ప్యాకేజింగ్ ప్రెస్. గుంటూరు కారప్పొడి, పచ్చళ్ల వాళ్లకు అట్టపెట్టెలు, పౌచ్‌లు ప్రింట్ చేస్తాం. తిండి సరుకుకు వాసన పట్టకూడదని నీటి ఇంకుతో నడిచే డిజిటల్ మెషిన్ పెట్టాం. ప్రింటు బాగుంది. గొడవంతా ఆరబెట్టడంలోనే.

అట్టతో ఇబ్బంది లేదు, కొంత నీటిని కాగితమే పీల్చుకుంటుంది. పౌచ్ ఫిల్మ్ చుక్క కూడా పీల్చదు, నీరంతా ఆవిరి కావాల్సిందే. 30 డిగ్రీల దగ్గరున్న కిలో నీటిని ఆవిరి చేయడానికి లెక్క ప్రకారం సుమారు 0.7 యూనిట్ల కరెంటు చాలు. మా డ్రయ్యర్ అంతకు ఎన్నో రెట్లు మింగుతోంది. వేడి పెంచితే ఫిల్మ్ సాగి రంగులు పక్కకు జరుగుతున్నాయి. తగ్గిస్తే రోల్ చుట్టాక పొరలు అంటుకుంటున్నాయి. వానాకాలం వస్తే ఇంకా టెన్షన్, గాల్లోనే తేమ కదా. "మిరపకాయల్లా ఎండలో ఆరెయ్యరా" అని మా నాన్న వెక్కిరింపు ఒకటి!

ప్రస్తుతం వేడి గాలిని ఒక్కసారి వాడి బయటికి వదిలేస్తున్నాం. అందులో ఎక్కువ భాగాన్ని మళ్లీ తిప్పి, తేమ సెన్సర్‌తో డాంపర్ (బయటికి పోయే గాలిని ఎక్కువ తక్కువ చేసే రేకు తలుపు) నడిపిన వాళ్లెవరైనా ఉన్నారా? బిల్లు నిజంగా తగ్గిందా?

ఇంకోటి, ఇన్‌ఫ్రారెడ్ దీపాలు. 3 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర నీరు వేడిని బాగా పీల్చుకుంటుంది కాబట్టి, ఆ చుట్టుపక్కల తరంగాలిచ్చే మీడియం వేవ్ దీపాలు మేలంటున్నారు ఒకరు. అంతకంటే పొట్టి తరంగాల షార్ట్ వేవ్ అయితే వెంటనే ఆన్, ఆఫ్ అవుతుందంటున్నారు ఇంకొకరు. కానీ దాంతో నలుపు ముందే వేడెక్కి, పసుపు తడిగా ఉండిపోదా? అమ్మేవాళ్ల మాట కాదు, వాడినవాళ్ల మాట కావాలండీ.