కేన్‌కి రెడ్, కొలిసికి ఎల్లో: 2023 రగ్బీ వరల్డ్ కప్ ఫైనల్లో రిఫరీ చేసింది సరైనదేనా?

హైదరాబాద్_ఫ్లాంకర్:
అందరికీ నమస్తే. 2025 జూన్‌లో రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో మన హైదరాబాద్ హీరోస్ మ్యాచ్‌లు చూశాక ఈ ఆట మీద పిచ్చి పట్టింది. అది ఏడుగురు ఆడే రగ్బీ కదా, ఇప్పుడు పదిహేను మంది ఆడే పాత పెద్ద మ్యాచ్‌లు వెతుక్కుని చూస్తున్నాను. నిన్న 2023 వరల్డ్ కప్ ఫైనల్ చూశాను, దక్షిణాఫ్రికా 12, న్యూజిలాండ్ 11. న్యూజిలాండ్ కెప్టెన్ శామ్ కేన్ భుజం దక్షిణాఫ్రికా ఆటగాడు జెస్సీ క్రీల్ తలకి తగిలిందని ముందు ఎల్లో కార్డు (పది నిమిషాలు బయట) ఇచ్చారు, కేన్ బయట కుర్చీలో కూర్చుని ఉండగానే దాన్ని రెడ్ (ఇక మ్యాచ్‌లోకి రాకూడదు, జట్టుకి ఒకరు తక్కువ) చేసేశారు. సెకండ్ హాఫ్ మొదలైన కాసేపటికి దక్షిణాఫ్రికా కెప్టెన్ సియా కొలిసి వెళ్ళి న్యూజిలాండ్ ఆటగాడు ఆర్డీ సవేయా తలకి తగిలితే మాత్రం ఎల్లోతోనే సరిపెట్టారు. రెండూ తలకి తగిలినవే కదా, ఒకదానికి ఒకలా ఇంకోదానికి ఇంకోలా ఎందుకు? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

విజిల్_రాజు:
తలకి తగిలిందా లేదా అన్నది మొదటి ప్రశ్న మాత్రమే బ్రో. ఆ తర్వాత అది తప్పుడు ట్యాకిలేనా (ట్యాకిల్ అంటే బంతి ఉన్నవాణ్ణి పట్టుకుని పడేయడం), ప్రమాదం ఎంత, శిక్ష తగ్గించడానికి కారణం ఏమైనా ఉందా అని వరసగా చూసుకుంటూ వెళ్తారు. కేన్ నిలువుగా ఉన్నాడు, నడుము వంచలేదు, భుజం నేరుగా వెళ్ళి తలకి తగిలింది. కొలిసి కిందికి వంగే ప్రయత్నం చేశాడు, దెబ్బ బలం కూడా అంత లేదు. రీప్లే సౌండ్ ఆపేసి రెండూ పక్కపక్కన పెట్టి చూడు, ముఖ్యంగా నడుము ఎక్కడుందో చూడు, తేడా తెలుస్తుంది. ఇంకో మాట, రిఫరీ వేన్ బార్న్స్ గ్రౌండ్‌లో ఇచ్చింది ఇద్దరికీ ఎల్లోనే. రెడ్ చేయాలా వద్దా అన్నది బంకర్ వాళ్ళ, అంటే గ్రౌండ్ బయట వీడియో చూసే అధికారుల నిర్ణయం, ఆటగాడు బయట ఉండే ఆ పది నిమిషాల్లోనే రీప్లేలు చూసి తేల్చేస్తారు. అందుకని బార్న్స్‌ని తిట్టడం నాకు అస్సలు నచ్చదు.

ఆక్లాండ్_తెలుగు:
రాజు గారూ, మీరు చెప్పిన ప్రశ్నలు కాగితం మీద బాగానే ఉంటాయండి. కానీ అదే టోర్నీలో సెప్టెంబర్ 9న ఫ్రాన్స్‌లోని మార్సేలో అర్జెంటీనా మీద ఆట మొదలైన మూడో నిమిషంలోనే ఇంగ్లండ్ ఆటగాడు టామ్ కరీ తల ఎదుటివాడి తలకి తగిలింది, అది రెడ్ అయింది. మర్నాడు అదే స్టేడియంలో స్కాట్లాండ్ ఆటగాడు జాక్ డెంప్సీ మీద ఇంకో తల ట్యాకిల్ పడింది, దానికి కనీసం ఎల్లో కూడా లేదు. ఆ ట్యాకిల్ చేసింది ఎవరో తెలుసా, ఫైనల్లో కేన్ చేతిలో దెబ్బ తిన్న ఇదే జెస్సీ క్రీల్! మరి ఇక్కడ న్యూజిలాండ్‌లో ఉన్నవాళ్ళకి కడుపు మండదా?
దానికి తోడు ఫైనల్లో న్యూజిలాండ్ ఆటగాడు ఆరన్ స్మిత్ కొట్టిన ట్రై (బంతిని ఎదుటివాళ్ళ గోల్ గీత అవతల నేలకి ఆనించడం). అంతకుముందు లైనవుట్‌లో (పక్క గీత నుంచి బంతిని లోపలికి విసిరినప్పుడు) సవేయా బంతి ముందుకి జారవిడిచాడని టీఎంఓ, అంటే వీడియో రిఫరీ, వెనక్కి వెళ్ళి రద్దు చేయించాడు. బంతి జారిన మాట నిజమే, కాదనను. కానీ అలాంటి తప్పుల కోసం టీఎంఓ రెండు ఫేజ్‌ల (ఒక ట్యాకిల్ నుంచి ఇంకో ట్యాకిల్ దాకా సాగే ఆట) కన్నా వెనక్కి వెళ్ళకూడదని అప్పటి రూల్, ఇది అంతకన్నా ముందు జరిగింది. కేన్ కార్డ్ మీద నాకు పేచీ లేదు, ఆ రోజుల్లో అలాంటి ట్యాకిల్‌కి రెడ్ మామూలే. బంకర్ ఎందుకలా తేల్చిందో స్టేడియంలో ఉన్నవాడికీ టీవీ ముందున్నవాడికీ ఆ క్షణంలో విడమరిచి చెప్పకపోవడమే నా బాధ. క్రికెట్‌లో డీఆర్‌ఎస్ అడిగితే బంతి ఎక్కడ పడింది, ఎక్కడికి వెళ్తుంది అన్నీ తెర మీద చూపిస్తారు కదా, ఇక్కడ కార్డు రంగు మాత్రమే చెప్తే ఎలా?

నీలిమ_బ్యాక్‌రో:
ఆ చివరి మాట నాకూ నచ్చింది, బంకర్ మాటలు వినిపించాల్సిందే. కానీ తల విషయంలో శిక్ష తగ్గించమంటే మాత్రం నేను ఒప్పుకోను. 2003లో ఇంగ్లండ్‌కి కప్పు గెలిచిన స్టీవ్ థాంప్సన్‌కి చిన్న వయసులోనే డిమెన్షియా వచ్చింది, ఆ ఫైనల్ ఆడిన సంగతే గుర్తులేదని అతనే చెప్పాడు. ఎత్తు తగ్గించి ట్యాకిల్ చేయడం ఆటగాళ్ళకి అలవాటు కావాలంటే కార్డు గట్టిగానే ఉండాలి. ఇప్పుడు ఇరవై నిమిషాల రెడ్ తెచ్చారు, 2025 సిక్స్ నేషన్స్‌లోనూ (ఆరు యూరప్ జట్ల టోర్నీ) వాడారు, అంటే తప్పు చేసినవాడు మళ్ళీ రాడు గానీ ఇరవై నిమిషాలయ్యాక అతని బదులు బెంచ్ మీదివాడు దిగొచ్చు. కావాలని కొట్టినవాటికి పాత రెడ్ అలాగే ఉంది. ఫ్రాన్స్ ఫెడరేషన్ దీన్ని వ్యతిరేకించింది, నేనూ అదే అంటాను.

ఆక్లాండ్_తెలుగు:
నీలిమ గారూ, పొరపాటున తగిలినదానికి ప్రేక్షకుడు యాభై నిమిషాల పాటు పధ్నాలుగు మంది ఆట ఎందుకు చూడాలి? ఆటగాడికి మ్యాచ్‌ల నిషేధం వేయండి, పెంచండి కూడా, జట్టుని అంతలా శిక్షించకండి. అప్పుడు ఈ రూల్ ఉంటే సెకండ్ హాఫ్‌లో పది నిమిషాలు కాకముందే న్యూజిలాండ్‌కి మళ్ళీ పదిహేను మంది ఉండేవాళ్ళు.

విజిల్_రాజు:
పధ్నాలుగు మందితోనే ట్రై కొట్టారు కదండీ. మొవుంగా కన్వర్షన్ (ట్రై తర్వాత అదనపు పాయింట్ల కోసం కొట్టే కిక్) పోయింది, చివర్లో జోర్డీ బారెట్ దూరం నుంచి కొట్టిన పెనాల్టీ పోయింది, వాటికి రిఫరీ ఏం చేస్తాడు? ఆ ఫైనల్ తర్వాత బార్న్స్ రిటైర్ అయ్యాడు, టీఎంఓ టామ్ ఫోలీ ఆన్‌లైన్ తిట్లూ బెదిరింపులూ తట్టుకోలేక అంతర్జాతీయ మ్యాచ్‌లే మానేశాడు. నేను వెళ్ళే స్కూల్ మ్యాచ్‌ల్లో కూడా తల్లిదండ్రులు గీత దాటి వచ్చి అరుస్తున్నారు, కొత్తగా విజిల్ పట్టిన పిల్లలు ఒక సీజన్‌కే పారిపోతున్నారు.

హైదరాబాద్_ఫ్లాంకర్:
థాంక్స్ అందరికీ. రాజు అన్నా, నువ్వు చెప్పినట్టు సౌండ్ ఆపేసి రెండూ చూశాను, నడుము తేడా కనిపించింది, కేన్‌ది రెడ్డే. కొలిసిది మాత్రం ఎన్నిసార్లు చూసినా తేలట్లేదు. ఇప్పుడు క్రీల్, డెంప్సీ క్లిప్ వెతుకుతున్నా, ఎవరి దగ్గరైనా లింక్ ఉంటే పెట్టండి.