పాత రోటరీ పాలిషర్ చివరి దశలో ఉంది, దాని బదులు ఏది తీసుకోవాలి?

బెజవాడ_నల్లబండి:
అందరికీ నమస్తే. నాది కారు పెయింట్ పాలిష్ చేసే 180 ఎంఎం రోటరీ పాలిషర్ (ప్యాడ్ ఒకే చోట గుండ్రంగా తిరిగే రకం), కొని చాలా ఏళ్లయింది. ఈమధ్య స్పీడు డయల్ 3 దాటిస్తే ఆగి ఆగి తిరుగుతోంది, వెనక గాలి రంధ్రాల్లోంచి రవ్వలు కనిపిస్తున్నాయి, కాసేపటికే మాడిన వాసన. ప్యాడ్ అంటించే బ్యాకింగ్ ప్లేట్ మీద వెల్క్రో కూడా పోయింది, మొన్న బానెట్ చేస్తుండగా ప్యాడ్ ఊడి ఎగిరి ప్రహరీ గోడకి కొట్టుకుంది, అద్దానికి తగల్లేదు కాబట్టి సరిపోయింది.

నాకిది వ్యాపారం కాదు. నా నల్ల సెడాన్, నాన్నగారి పాత హ్యాచ్‌బ్యాక్, అప్పుడప్పుడు ఫ్రెండ్స్ బండ్లు, అంతే. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పొద్దున్నే అన్ని బండ్లూ పొడి గుడ్డతో దులిపేస్తాడు, వద్దన్నా వినడు పాపం, దాంతో ఎండలో చూస్తే బానెట్ నిండా గుండ్రటి సన్నగీతలు. బోరు నీళ్ల మరకలు సరేసరి.

మళ్లీ రోటరీయే, ఈసారి 1400 వాట్లది తీసుకుందామా, లేక అందరూ అంటున్న డీఏ (డ్యూయల్ యాక్షన్, ప్యాడ్ ఊగుతూ తిరిగే రకం) తీసుకుందామా అని ఆలోచిస్తున్నా. డీఏలు చూస్తే 500 వాట్లు, 700 వాట్లు అని ఉన్నాయి, అంత తక్కువ పవర్‌తో గీతలు పోతాయా? ఇంకో మాట, మా అన్నయ్య డాలస్ నుంచి సంక్రాంతికి వస్తున్నాడు, అక్కడ ఆఫర్‌లో మంచివి దొరుకుతాయట, తెమ్మనమంటారా? బడ్జెట్ 15 వేలు, అవసరమైతే కాస్త పెంచగలను.

ఆటోనగర్_పాతకాపు:
కొత్తది కొనే ముందు పాతదాని కార్బన్లు (మోటార్‌కి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు) చూశావా తమ్ముడూ? మోటార్‌కి రెండు పక్కలా నల్ల మూతలు ఉంటాయి, కొన్నిటికి వెనక కవర్ విప్పాలి. ప్లగ్ పీకేసి తీసి చూడు. కార్బన్ అరిగి 5, 6 ఎంఎంకి వచ్చిందంటే స్ప్రింగ్ సరిగా నొక్కదు, అప్పుడే ఇలా ఆగి ఆగి తిరగడం, రవ్వలు రావడం. జతగా మార్చు, ఒక్కటే మార్చకు. పాతది చేతిలో పట్టుకెళ్లి అదే కొలతది అడుగు, దగ్గర సైజు తెచ్చి ఆకురాయి పెట్టి అరగదీసి దూర్చే పని చేయొద్దు. మార్చాక లోడ్ లేకుండా కాసేపు తక్కువ స్పీడులో తిప్పు, కార్బన్ కమ్యుటేటర్ (కార్బన్లు ఆనే రాగి రింగు) మీద కూర్చోవాలి.

కొత్త కార్బన్లు వేశాక కూడా కమ్యుటేటర్ చుట్టూ రింగులా నిప్పు తిరుగుతుంటే ఆర్మేచర్ (మోటార్‌లో తిరిగే వైండింగ్ భాగం) పోయినట్టే. వైండింగ్ కట్టించొచ్చు కానీ ఆ డబ్బుకి ఇంకొంచెం కలిపితే కొత్తది వస్తుంది. మాడిన వాసన వస్తోందంటున్నావు కాబట్టి నాకు అనుమానం అక్కడే. బేరింగ్ కూడా చూడు, స్పిండిల్‌ని చేత్తో తిప్పితే గరగరమంటే, పక్కకి ఊపితే ఆడితే అదీ అయిపోయినట్టే.

ప్యాడ్ ఎగిరింది మాత్రం మెషిన్ తప్పు కాదు. వెల్క్రో వేడికి కరిగి కొక్కేలు పోతాయి, ప్లేట్ మారిస్తే చాలు. మన దగ్గర రోటరీలకి ఎం14 (14 ఎంఎం) మర ఉంటుంది, ఏ కంపెనీ ప్లేట్ అయినా ఎక్కుతుంది.

నన్నడిగితే రోటరీని మించిన పనిమంతురాలు లేదు. రీపెయింట్ చేసి 2000 నంబర్ గరుకు పేపర్ కొట్టిన ప్యానెల్ మీద ఊల్ ప్యాడ్ వేసి దించితే ఆ స్పీడు ఏ డీఏకీ రాదు. బాష్ జీపీఓ 14 సీఈ లాంటివి షెడ్లలో పొద్దుట్నుంచి సాయంత్రం దాకా తిరుగుతూనే ఉంటాయి. నీ వాడకానికి ఏది సరిపోతుందో మిగతావాళ్లు చెప్తారు.

మైక్రాన్_రాజు:
అన్నగారు కార్బన్ల గురించి చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. కానీ నల్ల బండి, సొంతంగా చేసుకునే మనిషి, పైగా గీతలు వాచ్‌మన్ గుడ్డ వల్ల వచ్చినవి, ఈ మూడూ కలిపితే జవాబు డీఏనే.

వాట్ల గురించి అడిగారు. మెషిన్ మీద రాసేది లోపలికి తీసుకునే కరెంటు లెక్క, ప్యాడ్ దగ్గర చేసే పని కాదు. రోటరీలో మోటార్ గేర్ ద్వారా ప్యాడ్‌ని నేరుగా తిప్పుతుంది, మీరు నొక్కే బరువంతా దాని మీదే, అందుకే 1200, 1400 వాట్లు. డీఏలో ప్యాడ్ చిన్న వలయంలో ఊగుతూ దానంతటది మెల్లగా తిరుగుతుంది, బూడిదతో గిన్నె తోమేటప్పుడు చెయ్యి తిరిగినట్టు. ఎక్కువ నొక్కితే తిరగడం ఆగిపోతుంది, ఊగడం మాత్రం ఉంటుంది. అంటే పని నెమ్మదిస్తుందే తప్ప పెయింట్ కాలే ప్రమాదం చాలా తక్కువ. రుపెస్ ఎల్‌హెచ్ఆర్ 15 వాట్లు 500 మాత్రమే, దాన్ని ప్రపంచమంతా ప్రొఫెషనల్స్ వాడుతున్నారు.

కంపెనీ నుంచి వచ్చిన పెయింట్ ప్రైమర్‌తో సహా మొత్తం మందం మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు. అందులో పైన ఉండే రంగులేని పొర, క్లియర్ కోట్, 40, 50 మైక్రాన్లే, మనం అరగదీసేది అందులోంచే. బాడీ లైన్లు, డోర్ అంచుల దగ్గర ఇంకా పలచగా ఉంటుంది. రోటరీ అక్కడ ఒక్క క్షణం ఎక్కువసేపు నిలబడితే కింది రంగు బయటపడుతుంది. ఒకవేళ కాలకపోయినా నల్ల రంగు మీద హోలోగ్రామ్‌లు వదులుతుంది, షెడ్డులో ట్యూబ్‌లైట్ కింద అద్దంలా మెరిసి, బయట ఎండలో పెట్టగానే మెషిన్ నడిచిన దారంతా నీడనీడగా కనిపిస్తుంది. వాటిని తీయడానికి మళ్లీ డీఏనే పట్టాలి.

ఇక ఏ డీఏ? చూడాల్సింది వాట్లు కాదు, ఊగే కొలత, అంటే ప్యాడ్ ఊగే వలయం వెడల్పు. 8 ఎంఎంవి పాతకాలం నుంచి ఉన్నవి, చేతికి తేలిక కానీ నెమ్మది. 21 ఎంఎం ఊగి, 150 ఎంఎం ప్లేట్‌తో వచ్చేవి ఎస్‌యూవీల పెద్ద బానెట్‌కి, రూఫ్‌కి బాగుంటాయి. మీకు సెడాన్, హ్యాచ్‌బ్యాక్ అంటున్నారు కాబట్టి 15 ఎంఎం, 125 ప్లేట్. మన చిన్న బండ్ల డోర్లకీ ఫెండర్లకీ ఒంపులెక్కువ, పెద్ద ప్యాడ్ పూర్తిగా ఆనదు, ఆనకపోతే తిరగడం ఆగిపోతుంది. ప్లేట్ అంచు మీద మార్కర్‌తో ఒక గీత గీసుకోండి, పని చేస్తుండగా ఆ గీత తిరుగుతున్నట్టు కనిపించకపోతే మీరు ఎక్కువ నొక్కుతున్నారని అర్థం.

ఫ్లెక్స్ ఎక్స్‌సీ 3401 లాంటివి కూడా ఉన్నాయి, అందులో ప్యాడ్‌ని గేర్ బలవంతంగా తిప్పుతుంది, ఒంపుల మీద కూడా ఆగదు, కానీ బరువు, వణుకు రెండూ ఎక్కువ, ధర మీ బడ్జెట్‌లో లేదు. రుపెస్ కూడా లేదు. 15 వేలలో చైనా తయారీవే వస్తాయి, వాటిలో చాలా మంచివీ ఉన్నాయి, చెత్తా ఉంది. కుదిరితే షాపులో చేతిలో పట్టుకుని నడిపి చూడండి. అరచెయ్యి జివ్వుమంటుంటే ఎంత తక్కువకిచ్చినా వద్దు, ఒక కారు పూర్తయ్యేసరికి వేళ్లు తిమ్మిరెక్కుతాయి. స్పేర్ ప్లేట్, కార్బన్లు ఇక్కడ దొరుకుతాయా అని ముందే అడగండి. నేనైతే బ్రాండ్ కన్నా ఈ ప్రశ్నకి వచ్చే జవాబునే నమ్ముతా.

డాలస్_మావయ్య:
అమెరికా నుంచి మెషిన్ మాత్రం తెప్పించుకోకు బాబూ. ఇక్కడ 120 వోల్టులు, మీకు 230. ప్లగ్ అడాప్టర్ పిన్నుల ఆకారాన్ని మారుస్తుంది గానీ వోల్టేజిని మార్చదు, నేరుగా పెడితే అక్కడికక్కడే పొగ. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవచ్చు, కానీ మెషిన్ వాట్ల కన్నా బాగా ఎక్కువ సామర్థ్యం ఉన్నది కావాలి, అది కిలోల బరువు, కారు చుట్టూ దాన్ని ఈడ్చుకుంటూ తిరగాలి. చిన్న డబ్బాలా తేలిగ్గా ఉండే ట్రావెల్ కన్వర్టర్లు అసలే వద్దు, స్పీడు కంట్రోల్ సర్క్యూట్ ఉన్నవాటికి అవి పనికిరావు. పైగా ఇక్కడి వారంటీకి అక్కడ విలువ లేదు.

మరలు కూడా వేరు. ఇక్కడి రోటరీలకి 5/8 అంగుళం మర, మీ ఎం14 ప్లేట్ ఎక్కదు. డీఏల్లో అయితే కొన్నిటికి 5/16 అంగుళం, కొన్నిటికి ఎం8, ఎక్కడ కొన్నా మోడల్ చూసి అడగాల్సిందే. మీ అన్నయ్యతో ఏమైనా తెప్పించుకోవాలంటే ఫోమ్ ప్యాడ్లు, మంచి మైక్రోఫైబర్ గుడ్డలు చెప్పు. బరువుండవు, కరెంటుతో పనిలేదు. 125 ప్లేట్‌కి అయిదున్నర అంగుళాల ప్యాడ్లు అని రాసి పంపు, లేకపోతే ఏదో ఒక సైజు పట్టుకొచ్చేస్తాడు.

బెజవాడ_నల్లబండి:
అందరికీ చాలా థ్యాంక్స్. ఆటోనగర్ అన్నా, మీరు చెప్పినట్టే కార్బన్లు తీసి చూశా, ఒకటి పూర్తిగా అరిగిపోయింది. జత మార్పించా. ఇప్పుడు ఆగకుండా తిరుగుతోంది కానీ డయల్ పెంచితే మీరన్న రింగు నిప్పు కనిపిస్తోంది, బేరింగ్ గరగర కూడా ఉంది. షాపతను ఆర్మేచర్ అని తేల్చేశాడు.

ఇదంతా చూసి మా వీధి వెల్డింగ్ షాపాయన ఇంకో సలహా ఇచ్చాడు, యాంగిల్ గ్రైండర్‌కి ప్యాడ్ బిగించి, ఫ్యాన్ రెగ్యులేటర్ పెట్టి స్పీడు తగ్గించుకోమన్నాడు. వెయ్యి రూపాయల్లో అయిపోతుందట :) నవ్వుకోకండి, అడగడంలో తప్పు లేదు కదా.

ఆటోనగర్_పాతకాపు:
ఆయన్ని ముందు ఆయన సొంత బండి మీద చేసి చూపించమను. చిన్న గ్రైండర్ 11,000 ఆర్‌పీఎం తిరుగుతుంది, పాలిషింగ్‌కి రోటరీ మీదే మనం 1000 నుంచి 1500 దాటం. ఫ్యాన్ రెగ్యులేటర్ ఆ లోడ్‌కి తయారు చేసింది కాదు, అదే కాలిపోతుంది. డిమ్మర్ పెద్దది పెట్టినా వోల్టేజి తగ్గిస్తే బలమూ తగ్గుతుంది, ప్యాడ్ ఆనించగానే ఆగుతుంది, ఎత్తగానే పరిగెడుతుంది. ఆ కుదుపులో అంచు దగ్గర పెయింట్ లేచిపోతుంది.

రాజు చెప్పిందానికి నేను ఎదురు చెప్పను, నీ పనికి డీఏ చాలు. కాకపోతే రాజూ, లోతు గీతలకి ఉత్త ఫోమ్ ప్యాడ్‌తో డీఏ పట్టి గంటలు గంటలు తిప్పేవాళ్లని చాలామందిని చూశా, అది కూడా చెప్పాల్సింది.

మైక్రాన్_రాజు:
నిజమే అన్నా. లోతు గీతలకి డీఏ మీద మైక్రోఫైబర్ కటింగ్ ప్యాడ్ (ఎక్కువ అరగదీసేది), కాంపౌండ్‌తో (గరుకు పాలిష్ పేస్టు) మొదలుపెట్టి, తర్వాత మెత్తటి ఫోమ్, ఫినిషింగ్ పాలిష్‌తో ముగించాలి. కానీ గట్టి కాంబినేషన్‌తోనే మొదలుపెట్టేయడం నాకిష్టం ఉండదు. ఒక అడుగు చదరంలో టేప్ వేసి, మెత్తటి ప్యాడ్‌తోనే చూడండి, ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) కలిపిన నీళ్లతో తుడిచి ఎండలో పరీక్షించండి, సరిపోకపోతే అప్పుడు ఒక మెట్టు ఎక్కండి. తుడవకుండా చూస్తే పాలిష్‌లోని నూనె గీతల్ని కప్పేసి పోయినట్టే చూపిస్తుంది. గోరు తగిలితే ఆగే గీతని పూర్తిగా తీయాలని చూడకండి, అంత క్లియర్ కోట్ ఉండదు. బోరు నీళ్ల మరకలకి ముందు వాటర్ స్పాట్ రిమూవర్ వాడండి, దానికీ పోకుండా పెయింట్‌లోకి దిగినవి మాత్రమే మెషిన్‌కి వదిలేయండి.

వనస్థలిపురం_వాష్:
రెండు మాటలు. ఒకటి, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పొడవాటి సన్నటి ఎక్స్‌టెన్షన్ వైర్ లాగకండి, వోల్టేజి పడిపోయి మోటార్ వేడెక్కుతుంది, కనీసం 1.5 చదరపు ఎంఎం రాగి వైరు ఉండాలి, చుట్టగా ఉంచకుండా పూర్తిగా విప్పి వాడండి. కరెంటు పోయినప్పుడు మామూలు స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద కూడా నడపొద్దు. రెండోది, 15 ఎంఎం డీఏకి 150 ప్లేట్ పెట్టి చూద్దామనిపిస్తుంది ఎప్పుడో ఒకప్పుడు, పెట్టకండి. లోపల ఊపుని సరితూచే బరువు, కౌంటర్‌వెయిట్‌ని 125కి లెక్కగట్టి పెడతారు, మారిస్తే మెషిన్ అంతా వణికి బేరింగ్‌లు త్వరగా పోతాయి.

బెజవాడ_నల్లబండి:
సరే, 15 ఎంఎం, 125 ప్లేట్ డీఏ ఖాయం. ఇక్కడ ఒక షాపులో స్పేర్ ప్లేట్ కూడా ఉందన్నారు, రెండూ కలిపి తీసుకుంటున్నా. రోటరీని అమ్మను, ఆర్మేచర్ ఎప్పుడైనా చవగ్గా దొరికితే చూస్తా. అన్నయ్యకి ప్యాడ్ల లిస్టు పంపాలి, ఒక కారుకి ఎన్ని కావాలి?

మైక్రాన్_రాజు:
కటింగ్‌వి మూడు నాలుగు, ఫినిషింగ్‌వి రెండు మూడు. ఒకే ప్యాడ్‌తో కారంతా లాగితే అరిగిన పెయింట్, ఎండిన కాంపౌండ్ దానిలో పేరుకుని కొత్త గీతలు పెడుతుంది, వేడికి లోపలి జిగురు కూడా ఊడుతుంది. ఒక్కో ప్యానెల్ అయ్యాక బ్రష్‌తో దులపండి, చేత్తో తాకితే వేడిగా ఉంటే పక్కన పెట్టి ఇంకోటి ఎక్కించండి. పని అయిన రోజే కడిగేయండి, మర్నాటికి గట్టిపడితే వదలదు.