తక్కువ కాలుష్యపు పారిశ్రామిక వాడకు చోటెక్కడ: మెట్టలోనా, ఊరి దగ్గరా?

రణస్థలం రైతు:
శాసనసభ నియోజకవర్గానికి ఒకటి చొప్పున 175 ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) పార్కులు పెట్టాలని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించిన నాటి నుంచి మా వైపు నలుగురు కూడిన చోటల్లా స్థలం మాటే నడుస్తోంది. వచ్చేవి తక్కువ కాలుష్యపు తెలుపు, ఆకుపచ్చ వర్గాల పరిశ్రమలే కనుక ఎక్కడ పెట్టినా ఇబ్బంది లేదని కొందరు అంటున్నారు. పైడిభీమవరం మందుల పరిశ్రమలను ఏళ్ల తరబడి చూస్తున్నవాడిగా నేను ఆ మాట ఒప్పుకోలేను. వాడ ఏ రంగుదైనా దాని మీద పడిన వాననీరు ఏ గెడ్డలోకి, అంటే ఏ వాగులోకి, దిగుతుందో, ఆ గెడ్డ ఏ చెరువును నింపుతుందో ముందు చూడాలి. చెరువుకు ఎగువన ఉన్న పల్లం కంటే, కాస్త దూరమైనా, రాళ్లు తేలిన మెట్ట ఇవ్వడమే మేలని నా వాదన.

చీపురుపల్లి వాసి:
రైతు గారూ, మీ భయం ఎరుపు వర్గాన్ని చూసి పుట్టింది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2016 వర్గీకరణలో కాలుష్య సూచీ 60, ఆపైన ఉంటే ఎరుపు, 41 నుంచి 59 దాకా నారింజ, 21 నుంచి 40 దాకా ఆకుపచ్చ, 20 వరకు తెలుపు అని ఉండేది. తెలుపు వర్గానికి నడిపే అనుమతి కూడా అక్కర్లేదు, మండలికి సమాచారం ఇస్తే చాలు. సైకిళ్లు బిగించే షెడ్డును తీసుకెళ్లి ఎక్కడో మెట్టలో పెడితే అక్కడ పనిచేసే ఆడపిల్లలు సగం కూలి ఆటోకే పోయాలి. మన తీరపు మత్స్యకారులు వేటకు గుజరాత్‌లోని వెరావల్ దాకా వలసపోతున్నారు. పని ఊరికి దగ్గరగా ఉండటం చిన్న సంగతేమీ కాదు.

పలాస నుంచి:
చిన్న పరిశ్రమ అనగానే శుభ్రమైనదని ఇద్దరూ అనుకుంటున్నట్టున్నారు. మా పిన్ని జీడిపిక్కలు కొట్టేది. తొక్కలోని జీడి తగిలి వేళ్ల కొసలు నల్లబడి, పొరలు పొరలుగా ఊడేవి. బూడిద రాసుకుని కూర్చున్నా ఆగేది కాదు. దండెం మీద తెల్లచీర ఆరేస్తే బట్టీ మసి దిగేది. అయితే మమ్మల్ని చదివించిందీ ఆ పనే. అందుకే సందుల్లో, ఇళ్ల మధ్య సాగుతున్న ఇలాంటి పనులను సరైన పొగగొట్టం, మురుగు కాలువ ఉన్న చోటికి చేర్చడానికే ముందు పార్కు పనికిరావాలి. బయటివారిని పిలవడం ఆ తరువాతి మాట.

రణస్థలం రైతు:
పలాస వారితో నాకు తగవు లేదు. చీపురుపల్లి వారికి మాత్రం ఒక విన్నపం: రంగు పరిశ్రమకే గాని భూమికి కాదు. 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం 500 హెక్టార్ల లోపు ఉండి, అందులో చెప్పిన ఏ, బీ వర్గాల పరిశ్రమలేవీ లేని వాడకు ముందస్తు పర్యావరణ అనుమతి అవసరం లేదు, కాబట్టి ఆ అనుమతి కోసం జరిపే ప్రజాభిప్రాయ సేకరణా ఉండదు. రేపు షెడ్డు చేతులు మారి అందులో నారింజ వర్గపు పని మొదలైతే మనకు ముందుగా చెప్పేదెవరు? ఆ రంగుల వర్గీకరణ కూడా శిలాశాసనమేమీ కాదు, 2025లో సవరించి నీలం వర్గాన్ని చేర్చారు. ఏ వర్గం దాటి రానివ్వకూడదో స్థలం కేటాయింపు పత్రంలోనే రాయించాలి.

సోంపేట బీల:
మెట్ట ఏదో, పల్లం ఏదో కాగితం చూసి తేల్చకండి. మా బీలను, అంటే చిత్తడి నేలను, బంజరన్నారు. అక్కడ 2,640 మెగావాట్ల థర్మల్ కేంద్రం తలపెట్టారు. 2010 జులై 14న కాల్పుల్లో ప్రాణాలు పోయాక గాని దానికిచ్చిన పర్యావరణ అనుమతి రద్దు కాలేదు. ఎండాకాలంలో జీపు దిగి చూసినవారికి బీల ఎండిన బయలే. వానలు పడ్డాక రండి, మోకాలి లోతు నీళ్లలో నిలబడి మాట్లాడుకుందాం.

చీపురుపల్లి వాసి:
పత్రంలో షరతు ఉండాలన్నదీ, వానాకాలంలో స్థలం చూడాలన్నదీ ఒప్పుకుంటున్నాను. ఆ పిల్లల ఆటో ఖర్చు సంగతి మాత్రం ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.