అప్‌డేట్: డోర్ స్కిన్ గమ్ము ఎందుకు ఊడిందో తెలిసింది

అమలాపురంలో మా కారు ముందు డోర్‌కి కొత్త స్కిన్ (బయటి రేకు) వేయించామని, వెల్డింగ్ బదులు రెండు భాగాల ఎపాక్సీ గమ్ముతో అతికించారని, కొన్నాళ్లకే కింది అంచు విడిపోయిందని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

"ఊడిన చోట గమ్ము దేన్ని పట్టుకుని ఉందో చూడండి" అన్న సలహాతోనే తేలిపోయింది. రాజమండ్రిలో ఒక టింకరింగ్ మేస్త్రి అంచు మడత విప్పి చూపించారు. గమ్ము పట్టీ ఎక్కడా పగల్లేదు, రాయిలా ఉంది. దాని వెనక బూడిదరంగు ప్రైమర్ (పెయింట్ కింద వేసే పూత) పొరలా లేచొచ్చింది, కింద రేకు నున్నగా మెరుస్తోంది. గమ్ము ప్రైమర్‌ని వదల్లేదు, ప్రైమరే రేకుని వదిలేసింది.

ఈసారి రెండు వైపులా ఒట్టి రేకు కనపడేదాకా గీకి, శుభ్రంగా తుడిచారు. గమ్ము రెండు భాగాల్నీ కలిపే నాజిల్లోంచి మొదట వచ్చిన కొంచెం సరిగా కలవదని పారేశారు. గీకిన చోటంతా తుప్పు పట్టకుండా ముందు పల్చగా గమ్ము రాసి, ఆపైన తీగలా వేశారు. క్లాంపులు మరీ బిగించలేదు, బిగిస్తే గమ్మంతా బయటికొచ్చేస్తుంది. మర్నాటిదాకా డోర్ కదపలేదు.

కోనసీమ ఉప్పుగాలి, తేమ, గమ్ము ఎక్స్‌పైరీ, వీటి గురించి అనవసరంగా టెన్షన్ పడ్డాం. ట్యూబు మీద తేదీ బాగానే ఉంది.

వానలన్నీ అయ్యాయి, అంచు గట్టిగానే ఉంది. పిల్లర్లు (కారు పైకప్పుని మోసే స్తంభాలు), ఛాసిస్ దగ్గర మాత్రం కారు కంపెనీ రిపేర్ మాన్యువల్‌లో ఉంటే తప్ప గమ్ము ఒక్కదాన్నే నమ్మొద్దని మేస్త్రి మరీమరీ చెప్పారు.