కాపరిగా ఉంటూనే చట్టసభకు: వార్నాక్ మాదిరి మన బాప్టిస్టు సంఘాలకు కుదురుతుందా?

ప్రశ్న (ఒంగోలు నుంచి)

మా ప్రాంతపు బాప్టిస్టు సంఘాల్లో, అయ్యగారు (సంఘ కాపరి, అంటే పాస్టరు) రాజకీయాల్లోకి దిగారంటే సేవను వదులుకున్నట్టేనన్న అభిప్రాయం బలంగా ఉంది. ఇటీవల పెద్దల కూటమిలో ఈ మాట వచ్చినప్పుడు ఒక యువకుడు అమెరికా సెనేటర్ రాఫెల్ వార్నాక్ పేరు ఎత్తాడు. అట్లాంటాలో మార్టిన్ లూథర్ కింగ్, అంతకు ముందు ఆయన తండ్రి సేవ చేసిన ఎబినేజరు బాప్టిస్టు సంఘానికి వార్నాక్ 2005 నుంచి కాపరిగా ఉన్నారు. 2021 జనవరిలో సెనేట్‌కు ఎన్నికైన తరువాత కూడా ఆయన ఆ బాధ్యతను విడిచిపెట్టలేదు. ఆయనకు ఆ అనుమతి ఎవరిచ్చారు? మన దేశంలో పాస్టరుగా ఉంటూ పోటీ చేయడానికి చట్టం ఒప్పుకుంటుందా? తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1 (నెల్లూరు, విశ్రాంత చరిత్రోపాధ్యాయుడు)

అనుమతి ఇవ్వవలసింది ఆ సంఘమే గాని మరెవరూ కారు. బాప్టిస్టులలో కాపరిని పిలిచేదీ, వద్దనుకుంటే పంపివేసేదీ స్థానిక సంఘమే కాబట్టి, పైనుంచి బిషప్పు ఆజ్ఞ వచ్చే వీలు లేదు. కేథలిక్కుల పద్ధతితో పోల్చి చూస్తే ఈ తేడా ఎంత పెద్దదో తెలుస్తుంది. మసాచుసెట్స్ నుంచి అమెరికా ప్రతినిధుల సభకు ఎన్నికైన రాబర్ట్ డ్రైనన్ అనే జెసూట్ సభకు చెందిన కేథలిక్ గురువు, 1980లో పోప్ రెండవ జాన్ పాల్ ఆదేశం రాగానే, మళ్లీ గెలిచే అవకాశం ఉన్నా, పోటీనుంచి తప్పుకున్నారు.

వార్నాక్ ఈ దారిలో మొదటివారు కూడా కారు. న్యూయార్క్ హార్లెంలోని అబిసీనియన్ బాప్టిస్టు సంఘానికి తండ్రి తరువాత 1937లో కాపరి అయిన ఆడమ్ క్లేటన్ పావెల్, నల్లవారికి ఉద్యోగాలివ్వని దుకాణాల్లో సరుకు కొనవద్దని ఉద్యమం నడిపి, 1941లో నగర కౌన్సిల్‌కూ, 1944 ఎన్నికల్లో అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్‌కూ గెలిచారు. 1961 నుంచి విద్య, కార్మిక వ్యవహారాల కమిటీకి అధ్యక్షత వహించారు. ఆయన చివరి సంవత్సరాలు వివాదాలతో గడిచాయి. 1967లో సభ ఆయనను లోపలికి రానివ్వలేదు, 1969లో సుప్రీంకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది, అయినా 1970లో అభ్యర్థిని ఎంచుకునే సొంత పార్టీ ప్రాథమిక ఎన్నికలోనే ఓడిపోయారు.

వార్నాక్ విషయంలో నన్ను ఆకట్టుకున్నది పదవి కాదు, దానికి ముందున్న పని. పేదల వైద్యానికి ఉద్దేశించిన మెడికెయిడ్ పథకాన్ని జార్జియాలో విస్తరించాలని 2014లో రాష్ట్ర చట్టసభ భవనంలో ధర్నా చేసి అరెస్టయ్యారు; 2017లో బడ్జెట్ కోతలకు నిరసనగా వాషింగ్టన్‌లోనూ అరెస్టయ్యారు. సెనేటరయ్యాక, వృద్ధుల బీమా పథకంలో ఇన్సులిన్‌కు రోగి చెల్లించే మొత్తం నెలకు 35 డాలర్లు మించరాదన్న నిబంధన కోసం పట్టుబట్టినవారిలో ఆయనొకరు. అది 2022లో చట్టమైంది. వీధిలో అడిగినదాన్నే సభలోనూ అడిగారు గనుకనే సంఘం ఆయన వెంట నిలిచిందని నా అభిప్రాయం.

జవాబు 2 (కావలి, న్యాయవాది)

మాస్టారు చరిత్ర చెప్పారు కాబట్టి నేను చట్టం వరకే మాట్లాడతాను. అమెరికాలోనే ఒకప్పుడు కొన్ని రాష్ట్రాలు మతబోధకులను చట్టసభల్లోకి రానివ్వలేదు. టెనెస్సీలో మిగిలిన అలాంటి నిషేధాన్ని 1978లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఆ వ్యాజ్యంలో ఉన్నది కూడా ఒక బాప్టిస్టు పాస్టరే.

మన దగ్గర పాస్టరుగా, పూజారిగా, మఠాధిపతిగా ఉన్నంత మాత్రాన పోటీకి అనర్హత లేదు. రాజ్యాంగ సభలోనే షిల్లాంగుకు చెందిన పాస్టరు జె. జె. ఎం. నికల్స్ రాయ్ కూర్చున్నారు. ఈశాన్యంలోని గిరిజన ప్రాంతాలకు స్వయంపాలన ఇచ్చే ఆరవ షెడ్యూలు రూపకల్పనలో ఆయనది ముఖ్యపాత్ర. చిక్కు ప్రచారంలో వస్తుంది. 1951 నాటి ప్రజా ప్రాతినిధ్య చట్టం 123(3) సెక్షను ప్రకారం మతం పేరిట ఓటు అడగడం అవినీతికర చర్య, అది రుజువైతే ఎన్నిక రద్దవుతుంది. 2017లో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, నలుగురి మెజారిటీతో, అభ్యర్థి మతమే కాక ఓటరు మతాన్ని చూపి అడిగినా అదే తప్పని చెప్పింది. ఇది చాలదన్నట్టు, మత సంస్థ ఆవరణను రాజకీయ కార్యకలాపాలకు వాడరాదని 1988 నాటి మరో చట్టం ఉంది. కాబట్టి ఆదివారం ప్రసంగంలో అభ్యర్థి తన పోటీ ఊసెత్తకుండా ఉండడమే క్షేమం.

ఇంకొకటి, మన ప్రాంతంలో అన్నిటికన్నా ముందు చూసుకోవలసినది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా హిందూ, సిక్కు, బౌద్ధ మతస్థులకే వర్తిస్తుంది. అందువల్ల సంతనూతలపాడు, కొండపి వంటి రిజర్వుడు స్థానాల్లో పాస్టరుగా పనిచేస్తున్న వ్యక్తి ఆ హోదాతో నామినేషను వేస్తే అభ్యంతరం రావడం ఖాయం. జనరల్ స్థానంలో ఆ సమస్య లేదు.

జవాబు 3 (చీమకుర్తి నుంచి)

లాయరు గారు చెప్పిన జాగ్రత్త కొత్తదేమీ కాదు, మన సంఘాల చరిత్రలోనే దానికి పూర్వోదాహరణ ఉంది. 1876-78 నాటి కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించారు. సర్కారుతో లావాదేవీ, కూలి చెల్లింపు, రోజూ ప్రజల మధ్య తిరుగుడు, ఇదంతా లోకవ్యవహారమే గదా. అయినా ఆయన మిషనరీగానే ఉన్నారు. అయితే, తిండికోసం మతం మారారన్న మాట పడకూడదని సహాయం నడిచినంత కాలం బాప్తిస్మాలు నిలిపివేశారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందడం ఆ నిరీక్షణ తరువాతి సంగతి.

కనుక పెద్దలు అడగవలసినది అయ్యగారు పోటీ చేయవచ్చా అని కాదు. ప్రచారం నడిచిన నెలల్లో ప్రసంగ పీఠం ఎవరికి అప్పగిస్తారు, సంఘం లెక్కలు ఎవరు చూస్తారు, ఓడినవారి పక్షాన ఓటేసిన కుటుంబం ఇంట్లో చావు జరిగితే ఆయన వెళ్లి ప్రార్థన చేయగలరా అని అడగాలి. వార్నాక్ గారిది అనేకమంది సహాయ కాపరులున్న పెద్ద సంఘం. మన పల్లె సంఘాల్లో అయ్యగారొక్కరే ఉంటారు, ఆయన లేకపోతే ఆరాధన నడిపేది సంఘ పరిచారకుడైన ఏ డీకనో, అయ్యగారి భార్యో.

ప్రశ్న అడిగినవారి స్పందన

ముగ్గురికీ వందనాలు. చివర అడిగిన మూడు ప్రశ్నలనూ వచ్చే కూటమిలో పెద్దల ముందు పెడతాను. రిజర్వుడు స్థానం విషయం ఆ యువకుడికి ఈరోజే చెబుతాను, ఎందుకంటే అతను పోటీ చేయాలనుకుంటున్నది అలాంటి స్థానంలోనే.