కొత్త ప్లేట్లు వేసినా క్లచ్ విడవట్లేదు (కేఎక్స్250ఎఫ్)

మట్టిబండి: అన్నలూ, నాది సెకండ్ హ్యాండ్ కవాసకీ కేఎక్స్250ఎఫ్, మట్టి ట్రాక్ మీద తిప్పే మోటోక్రాస్ బండి, వైర్ క్లచ్. రిజిస్ట్రేషన్ కాని బండి కదా, హైదరాబాద్ నుంచి ట్రాలీ ఆటోలో వేసుకుని ట్రాక్‌కి తీసుకెళ్తాను. చల్లగా ఉన్నంతసేపూ బుద్ధిగా ఉంటుంది. పదిహేను నిమిషాలు తిప్పానంటే చాలు, లీవర్ పూర్తిగా పట్టుకున్నా ముందుకు పాకుతుంది. న్యూట్రల్ పడదు. వదిలేటప్పుడు మెత్తగా అందుకోకుండా కుదుపుతుంది. పోయిన నెలే ఫైబర్ ప్లేట్లు, స్టీల్ ప్లేట్లు, స్ప్రింగులు అన్నీ మార్పించాను. రెండు ఆదివారాలకే మళ్లీ మొదలు. మెకానిక్ ఇంకో సెట్ వేద్దాం అంటున్నాడు. వేయించమంటారా?

గేర్‌బాబు: కారు ఆయిల్ పోశావా బ్రో? జాసో ఎంఏ2 అని, అంటే ఆయిల్‌లో మునిగి తిరిగే బైక్ క్లచ్‌కి సరిపోతుందని, రాసి ఉన్న డబ్బాయే కొను.

పాతషెడ్డు: ఆయిల్ సలహా మంచిదే గానీ, కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారుతుంది. ఈ తమ్ముడిది జారడం కాదు, విడవకపోవడం. జారితే ఇంజిన్ అరుస్తుంది, బండి కదలదు. విడవకపోతే పట్టుకున్నా బండి ఆగదు. రెండూ ఎదురెదురు జబ్బులు.

తమ్ముడూ, ఇంకో సెట్‌కి డబ్బు పోయకు. ముందు బాస్కెట్ వేళ్లు చూడు. బాస్కెట్ అంటే ప్లేట్లు కూర్చునే గిన్నె, దాని చుట్టూ నిలబడ్డ కమ్ములే వేళ్లు. బండిని ఎడమవైపు పడుకోబెట్టి చిన్న క్లచ్ కవర్ విప్పితే ఆయిల్ దించకుండానే కనిపిస్తాయి. ట్యాంకులోంచి పెట్రోల్ కారకుండా మాత్రం చూసుకో. ప్లేట్లు తీసి, వేళ్ల పక్క అంచుల మీద గోరు పెట్టి పైనుంచి కిందికి లాగు. టకటకమని ఆగుతోందా? అవే గాట్లు. ఫైబర్ ప్లేటు అంచుకి పొడుచుకొచ్చిన చెవులు అల్యూమినియం వేళ్లని కొట్టీ కొట్టీ చేసినవి. లీవర్ పట్టుకున్నప్పుడు ప్లేట్లు జారి విడిపోవాలి కదా, చెవులు ఆ గాట్లలో ఇరుక్కుంటాయి. పాత బాస్కెట్‌లో కొత్త ప్లేట్లంటే గుంతల రోడ్డు మీద కొత్త టైర్లే.

గాట్లు పైపైన ఉంటే ఆకురాయితో సాపు చేయొచ్చు. బాస్కెట్ ఇంజిన్‌లో ఉండగా మాత్రం రాయి పెట్టకు, పొడి అంతా ఆయిల్‌లో కలుస్తుంది. బయటికి తీయాలంటే పెద్ద కవరూ విప్పాలి, మాన్యువల్ పక్కన పెట్టుకో. ప్లేట్ల మధ్యలో ఉండే హబ్ నట్టు విప్పడానికి స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి తిప్పేవాళ్లని చూశాను. హబ్ తిరక్కుండా పట్టుకునే హోల్డర్ కొనుక్కో, లాక్ వాషర్ కొత్తది వెయ్యి. ఇంకోటి, నేను చేసిన తప్పు: మొదటిసారి సరదా పుట్టి రెండు వేళ్లు బాగా అరగదీశాను. మిగతా వేళ్ల మీదే బరువంతా పడి నెల తిరక్కుండా వాటికి గాట్లు పడ్డాయి. లోతుగా ఉంటే బాస్కెట్టే మార్చు.

మట్టిబండి: విప్పాను అన్నా. ప్రతి వేలికీ గోరు ఆగుతోంది, ఒకచోట గోరే దూరింది! మరి వేడెక్కాకే ఎందుకు ఎక్కువవుతుంది?

పాతషెడ్డు: వేడికి ప్లేట్లు ఉబ్బుతాయి. అప్పుడు లీవర్‌లో వదులు పెరిగి, పూర్తిగా పట్టుకున్నా తోయాల్సినంత తోయదు. అందుకే కొందరు రేసు మధ్యలో వదులు సరిచేసుకోడానికి లీవర్ దగ్గరి చక్రం తిప్పుతుంటారు. ప్లేట్లు అరిగితే దీనికి ఉల్టా, వదులు తగ్గుతూ వచ్చి చివరికి జారుతుంది. చల్లగా ఉన్నప్పుడు లీవర్ మొదట్లో 2-3 మి.మీ. వదులు పెట్టు. గోరు దూరిందంటున్నావు కాబట్టి ఆకురాయి జోలికి పోకు, బాస్కెట్ ఆర్డర్ పెట్టు.

స్టీల్ ప్లేట్లు వంగాయేమో, అద్దం ముక్క మీద పరిచి సందు కొలిచే ఫీలర్ గేజ్‌తో చూడు. 0.2 మి.మీ. ఆకు దూరిందంటే నేనైతే ఆ ప్లేటు పక్కన పడేస్తాను. నీలం మచ్చలున్నా అంతే. ఫైబర్ ప్లేట్లని బిగించే ముందు రాత్రంతా ఇంజిన్ ఆయిల్‌లో నానబెట్టు. మీ మెకానిక్ పొడివే బిగించాడా, కనుక్కో.

మట్టిబండి: అడిగాను. "ఆయిల్ ఎలాగూ లోపల ఉంటుంది కదా" అన్నాడు.

గేర్‌బాబు: 😀

పాతషెడ్డు: స్ప్రింగ్ బోల్టులు వాడి చేతికివ్వకు. 9 న్యూటన్ మీటర్లు చాలు, ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించు. బలం పెడితే హబ్‌లో మరలు ఊడొస్తాయి. మలుపుల్లో నీ చేతి వేలు క్లచ్ లీవర్ మీదే ఆన్చి ఉంచుతావా?

మట్టిబండి: ఉంచుతాను అన్నా... ప్రతి మలుపులో.

పాతషెడ్డు: అలా ఆనిస్తే క్లచ్ సగం విడిచి ప్లేట్లు జారుతూ వేడెక్కుతాయి. కొత్త బాస్కెట్ వచ్చేలోపు ఆ వేలి సంగతి చూసుకో.